ఇంకా పద్నాలుగు

పొద్దున యార్డులో దిగితే
సాయంత్రానికి రెండొందల ఫొటోలు నా ఫోన్లో.
అన్నీ రాళ్ళే.
దిమ్మె నంబరు కనపడేట్టు ఒకటి, తడిపి ఒకటి,
పగులుంటే దగ్గరికి పోయి ఒకటి.
కొనేవాడు ఏ దేశంలోనో అన్నం తింటూ
వేలితో పక్కకి నెట్టేస్తాడు.
నెలాఖరుకి ఫోను కడుపు నిండిందని మొత్తుకుంటుంది,
నాలుగు వేల రాళ్ళు ఒక్క నొక్కుకి మాయం.
చీమకుర్తి కొండ కూడా ఇట్టాగే పోయిందేమో అనుకుంటా,
అనుకుని టీ తాగుతా.

సంచిలో ఇంకొకటి ఉంది.
ఒంగోల్లో స్టూడియో మూసేస్తూ ఖాదర్ వలీ గారు
పాత సామాన్లవాడి తక్కెట్లో పెట్టబోతుంటే
ఆపి కొనుక్కున్న కెమెరా.
నేనిచ్చిన డబ్బు ఎంచలేదాయన,
తోలు తొడుగు మాత్రం మూడుసార్లు తుడిచాడు.
"అరవయ్యో వంతు సెకను కాడ కొంచెం బద్ధకిస్తది,
దాని వయసు అట్టాంటిదమ్మా."

రీలుకి ముప్పై ఆరు.
రీలు ధర మా అమ్మక్కూడా చెప్పలేదు.

డ్రిల్లరు మాలకొండయ్యను ఒక మధ్యాహ్నం తీశా,
క్వారీ గుంట అంచున, మిషను ఆగిన పది నిమిషాల్లో.
కనుబొమ్మల మీద రాతిపిండి,
మీసం ఒక్కటే నల్లగా.
టక్.
వెంటనే లేచొచ్చి కెమెరా వెనక వైపు చూశాడు.
అక్కడ తోలుంది.
తెర ఎక్కడన్నా దాక్కుందేమోనని
బొటనవేలితో రుద్దాడు కూడా.
"ఏదీ?"
"లోపలుంది."
"ఎప్పుడు చూపిస్తా?"
"ఇంకా పద్నాలుగు అయినాక."

ఆ రోజు నుంచీ లెక్క ఆయనదైంది.
గేటు కాడ, క్రేను కింద, ఎక్కడ కనపడినా
నమస్తే బదులు "ఎన్నున్నయ్యి?"
ఆ కుక్కను తియ్యమ్మాయ్, ఆ బకెట్టును తియ్యి,
అయిపోగొట్టు తొందరగా.
నేను తియ్యలా.
వానపడి గుంటలో పచ్చటి నీళ్ళు నిలిచినయ్యి,
తొమ్మిదయ్యాయి, ఆరయ్యాయి,
ఆరు కాడ మనిషి మారాడు.
కొంగ వాలిందని కెమెరా ఎత్తితే
చెయ్యి అడ్డం పెట్టాడు.
"దీనికొద్దు. అది రేపూ వస్తదిలే."
ఆఖరి దానికి ఆయనే పరుగెత్తుకొచ్చి పిలిచాడు,
కోసిన గోడ మీద ఎండ ఏటవాలుగా పడతా ఉంది,
తడి నల్లరాతిలో ఇత్తడి పొడి చల్లినట్టు చుక్కలు.
"ఇప్పుడు."

బాత్రూము తలుపు సందుల్లో దుప్పటి కుక్కి
చీకట్లో వేళ్ళతోనే ఫిల్ము చుట్టా.
ఇంటావిడ వెంగమ్మ బయట నుంచి,
"ఏం కాస్తన్నావే లోపల, సారాయా?"
బోరు నీళ్ళకి ఫిల్ము మీద సున్నం మచ్చలు పడతయ్యి,
అందుకని ఆఖరి కడుగు క్యాను నీళ్ళతో.
ఆ రెండు రోజులూ బోరు నీళ్ళు నేను తాగా.
చున్నీల నడుమ దండేనికి వేలాడదీసి
ఆరకముందే బల్బుకి పట్టి చూశా,
మీసం తెల్లగా, రాతిపిండి నల్లగా.

ప్రింట్లు వచ్చేసరికి ఇంకో పది రోజులు.
ఈలోగా ఆయన మాలకొండకు పోయి
గుండూ మీసమూ ఇచ్చొచ్చాడు.
ఫొటో చేతిలో పెడితే,
"ఎవడు వీడు?"
ఒకసారి పై పెదవి తడుముకున్నాడు.
రెండు వేళ్ళు ఆనించి పెద్దది చెయ్యబోయాడు,
కాగితం ఒప్పుకోలా.
కాగితాన్నే కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు.
బుగ్గల మీదా నుదుటి మీదా సన్నటి నలకలు, వెండివి.
చాలాసేపు చూసి,
"ఇది మన రాయే గదా" అన్నాడు.

ఫోను మోగింది. నాలుగొందల పన్నెండో దిమ్మె,
ఎడమ పక్క మళ్ళీ కావాలంట, అర్జంటుగా.
ఆయన ఫొటోని హెల్మెట్ లోపల దోపుకుని
గుండు మీద బోర్లించుకున్నాడు.
"కొత్తది వేశావా?"
"వేశా. ముప్పై ఆరు."
వేళ్ళ కణుపుల మీద లెక్కేసుకుంటా నడిచాడు.
"కార్తీకం దాకా వస్తదిలే.
నిదానంగా కానీ."